పత్తి పింజ వెనక చరిత్ర

మా గడ్‌చాందూర్ ఉన్న రాజురా ప్రాంతం 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. అందుకే మాకు ఇంట్లో పత్తి, మండిలో కాపూస్. పోయిన ఏడు మండిలో ఒక వ్యాపారి మా దూదిని వేళ్లతో లాగి చూసి, "పింజ పొట్టిగా ఉంది" అని ధర తగ్గించాడు. ఎందుకట్లైంది అని నాన్నను అడిగితే, "పూత మీద వాన లేదు బిడ్డా" అన్నాడు. ఆ ఒక్క మాటను శాస్త్రవేత్తలు వివరించడానికి మూడు వందల ఏళ్లు పట్టింది.

1665లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చిన్న గదులు చూశాడు. ఆయనకు కనిపించినవి మొక్క కణాల గోడలు, అంటే కణకవచాలు. 1838లో ఫ్రాన్స్‌లో ఆన్సెల్మ్ పాయెన్ ఆ గోడల్లోని ముఖ్య పదార్థాన్ని వేరుచేశాడు. అదే సెల్యులోజ్. ఎండిన పత్తి పోగులో నూటికి తొంభై పాళ్లకు పైగా ఉండేది ఇదే.

1963లో అమెరికాలో లెడ్‌బెటర్, పోర్టర్ కణకవచం లోపలి అంచున సన్నని గొట్టాలను చూశారు. గోడలోని సెల్యులోజ్ దారాలు కూడా వాటి దిక్కులోనే ఉన్నాయి. 1996లో సెల్యులోజ్ తయారుచేసే జన్యువులు మొక్కల్లో మొదటిసారి దొరికాయి. అవి దొరికింది పత్తిలోనే! 2006లో పరేడెజ్, సోమర్‌విల్, ఎర్‌హార్ట్ ఆవ జాతికి చెందిన ఒక చిన్న మొక్కలో, సెల్యులోజ్ అల్లే యంత్రాలు ఆ గొట్టాల వెంట కదలడం కళ్లారా చూశారు.

ఇప్పుడు మా చేనుకు వద్దాం. ఒక్కో పోగు విత్తనం పైపొరలోని ఒకే ఒక కణం. పువ్వు విచ్చిన రోజు నుంచే అది సాగుతుంది. లోపలి నీటి ఒత్తిడి గోడను నెడుతుంది. సెల్యులోజ్ దారాలు పీపాకు వేసిన పట్టీల్లా చుట్టూ ఉంటాయి కాబట్టి కణం లావెక్కకుండా పొడవు పెరుగుతుంది. సుమారు మూడో వారంలో మొక్క పని మారుస్తుంది. సాగడం తగ్గుతుంది, లోపల సెల్యులోజ్ పొరలు పేరుకుంటాయి. మొదటి దశలో నీళ్లు చాలకపోతే పింజ పొట్టిదవుతుంది. రెండో దశలో ఆకుల నుంచి చక్కెర అందకపోతే గోడ పలచబడి పోగు బలం తగ్గుతుంది.

అంటే నాన్న చెప్పిందే నిజం. మండిలో ఒక్క నిమిషంలో తేలిన ధర, చేనులో ఆ కొద్ది వారాల్లోనే తేలిపోయింది. ఈసారి బావిలో ఒక్క తడికి సరిపడా నీళ్లున్నా, అవి పూత మీదనే ఇయ్యాలని మా ఇంట్లో అనుకున్నం.