కుందేలు లేని కుందేలు

నేతిబీరకాయలో నెయ్యి ఎంతుంటుందో మనందరికీ తెలుసు. బ్రిటిష్ వంటల పేర్లు చూస్తే ఇలాంటి నేతిబీరకాయలు బుట్టెడు కనిపిస్తాయి. 'వెల్ష్ రాబిట్'లో కుందేలు ఉండదు. 'స్కాచ్ వుడ్‌కాక్'లో ఆ పేరున్న పిట్ట ఉండదు, గుడ్డూ ఆంకోవీ చేపలూ ఉంటాయి. 'టోడ్ ఇన్ ద హోల్' అంటే బొరియలో కప్ప. తీరా చూస్తే పిండిలో పెట్టి కాల్చిన సాసేజీలు. వీటి మీద జోకులకి కొదవ లేదు, నవ్వుకోవడం తప్పూ కాదు. కానీ నవ్వు అయిపోయాక ఒక ప్రశ్న మిగులుతుంది. పళ్ళెంలో లేనిదాని పేరే వంటకి ఎందుకు పెట్టుకున్నారు?

ముందు కుందేలు సంగతి చూద్దాం. వెల్ష్ రాబిట్ అంటే కరిగించిన చీజ్‌ని కాల్చిన రొట్టె మీద పోసి తినడం, అంతే. కొందరు ఆవాల ముద్దా, కాస్త బీరూ కలుపుతారు. 1725 నాటికే ఈ పేరు రాతలో ఉంది. 1747లో వచ్చిన హన్నా గ్లాస్ వంటల పుస్తకంలో స్కాచ్, వెల్ష్, ఇంగ్లిష్ అని మూడు రకాల 'కుందేళ్ళు' ఉన్నాయి. మూడూ చీజూ రొట్టే. ఆ రోజుల్లో ఇంగ్లిష్‌వాళ్ళు 'వెల్ష్' అనే మాటని నాసిరకం, నకిలీ అనే అర్థంలో తరచూ వాడేవాళ్ళు. మాంసం కొనలేని వెల్ష్‌వాడికి చీజే కుందేలు అన్న ఎగతాళి ఆ పేరులో ఉందన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ.

మరి అడవిలో కుందేళ్ళు లేవా అంటే, ఉన్నాయి. అయితే వాటికి యజమానులున్నారు. భూస్వాములు కుందేళ్ళని ప్రత్యేకంగా వారెన్లలో పెంచుకునేవాళ్ళు. 1723లో బ్రిటిష్ పార్లమెంటు 'బ్లాక్ యాక్ట్' తెచ్చింది. మొహానికి మసి పూసుకుని, ఆయుధాలతో వెళ్ళి జింకనో కుందేలునో దొంగిలిస్తే ఉరిశిక్ష వేయొచ్చని అందులో ఉంది. వంట పేరు ఈ చట్టం వల్లే పుట్టిందని నేను అనడం లేదు. కానీ రొట్టె ముక్కని 'కుందేలు' అని పిలిచి నవ్వుకున్న కాలమూ, కుందేలు కోసం మనిషి మెడకి తాడు పడగల కాలమూ ఒకటే.

టోడ్ ఇన్ ద హోల్ కథలో ఇంకో తరహా లేమి ఉంది. 18వ శతాబ్దం చివర్లో ఈ వంటకి మంచి బీఫ్ ముక్క వాడమన్న వంటలవాళ్ళూ ఉన్నారు. 19వ శతాబ్దం మధ్యకి వచ్చేసరికి, ఒకప్పుడు విక్టోరియా రాణి వంటశాలలో పెద్ద వంటవాడిగా పనిచేసిన ఛార్లెస్ ఫ్రాంకటెల్లి, శ్రామికుల కోసం ఒక చిన్న వంటల పుస్తకం రాశాడు. అందులో ఇదే వంటకి ఏ మాంసమైనా సరే, ఆరు పెన్నీలకో షిల్లింగుకో వచ్చే తునకలు తెచ్చుకోమంటాడు. అవి రాత్రిపూట, అమ్మకం ముగిసే వేళకి చవగ్గా దొరుకుతాయని కూడా చెబుతాడు. పిండి ఎక్కువ, మాంసం తక్కువ. కడుపు నిండాలి కదా.

'బబుల్ అండ్ స్క్వీక్'లో అయితే మాంసం ఏకంగా పళ్ళెం దిగి వెళ్ళిపోయింది. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ వేసిన వాడుకమాటల నిఘంటువు ప్రకారం అది బీఫ్, క్యాబేజీ కలిపి వేయించిన వంట. పొయ్యి మీద బుడబుడమని, కీచుమని చప్పుడు చేస్తుంది కాబట్టి ఆ పేరు. ఇవాళ అదే పేరుతో దొరికేది బంగాళాదుంపా క్యాబేజీ. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940 మార్చిలో, మాంసానికి రేషన్ పెట్టారు. అది పూర్తిగా ఎత్తేసింది 1954 జూలైలో. ఆ కరువులో బీఫ్ జారిపోయి మిగిలిన కూరలే ఈ వంటగా స్థిరపడ్డాయి. చప్పుడు మాత్రం అలాగే ఉంది, పేరూ ఉంది.

అన్ని పేర్లూ ఎగతాళివి కావు. ఈశాన్య ఇంగ్లండ్‌లో పెనం మీద కాల్చే 'సింగింగ్ హిన్నీ' అనే రొట్టె ఉంది. హిన్నీ అంటే అక్కడివాళ్ళ యాసలో హనీ, మనం 'బంగారం' అన్నట్టు. కొవ్వు చిటపటమంటుంటే అది పాడుతోందన్నమాట. వండే మనిషి పక్కన కూర్చున్నవాళ్ళు పెట్టిన పేరని వినగానే తెలిసిపోతుంది.

వెక్కిరించిన పేర్లని తర్వాతి తరాలు కడిగి శుభ్రం చేయాలని చూశాయి. రాబిట్ అంటే బాగోలేదని 18వ శతాబ్దం చివరికే దాన్ని 'రేర్‌బిట్' చేశారు, అంటే అపురూపమైన ముక్క. 1926లో ఫౌలర్ తన వాడుక నిఘంటువులో రాబిట్టే సరైనదని తేల్చి చెప్పినా, ఇవాళ హోటల్ మెనూల్లో ఎక్కువగా కనిపించేది రేర్‌బిట్టే.

'స్పాటెడ్ డిక్' అనే ఎండుద్రాక్ష పుడ్డింగుదీ ఇదే గొడవ. 1849లో అలెక్సిస్ సోయెర్ పుస్తకంలో అది ఉంది. అప్పట్లో కొన్నిచోట్ల డిక్ అంటే ఉత్త పుడ్డింగనే అర్థం. 2009లో వేల్స్‌లోని ఫ్లింట్‌షైర్ కౌన్సిల్ క్యాంటీన్‌లో, తినడానికి వచ్చినవాళ్ళ వెకిలి మాటలు భరించలేక దాన్ని 'స్పాటెడ్ రిచర్డ్' చేశారు. జనం గోల చేశాక పాత పేరే తిరిగి పెట్టారు.

మన వైపు వచ్చిన బ్రిటిష్‌వాళ్ళు కూడా ఈ అలవాటుని వెంట తెచ్చుకున్నారు. ఎండబెట్టిన బొమ్మిల్ చేపని 'బాంబే డక్' అన్నారు, అందులోనూ బాతు లేదు. మద్రాసులో తాగిన మిళగు తణ్ణీర్, అంటే మిరియాల నీళ్ళు, 'ముల్లిగటానీ' అయింది. మన మిరియాల చారుకి చుట్టమే అది, ఇంగ్లండ్ చేరాక మాంసం పడి చిక్కటి సూప్ అయింది.

అక్కడ పేరు నిలిచి మాంసం పోయింది. ఇక్కడి చారేమో అక్కడికి వెళ్ళి మాంసం సంపాదించుకుంది. ఎవరికి ఏం దొరికిందో, ఎవరికి దొరకలేదో ఆ పేర్లలో ఇంకా కనిపిస్తుంది. రేర్‌బిట్ అని దిద్దితే వెక్కిరింత పోతుంది, నిజమే. దాంతోపాటు, కుందేలు దొరకని మనిషి కూడా మెనూలోంచి వెళ్ళిపోతాడు.