ఫ్రీ ఫ్రంట్

ఫ్రీ ఫ్రంట్ అనగా 1840కి పూర్వం బ్రిటిషు పార్లమెంటు సభ్యుని సంతకంతో, తపాలా రుసుము లేకుండా వెళ్ళిన ఉత్తరం యొక్క చిరునామా భాగం. ఇట్టి ఉచిత రవాణా హక్కును, అందుకు చేసిన సంతకాన్ని "ఫ్రాంకు" అంటారు. చారిత్రక బ్రిటిషు రాజకీయవేత్తల చేవ్రాళ్ళను సేకరించేవారు వీటిని విరివిగా భద్రపరిచారు. అయితే సంతకం కోసం ముందు భాగాన్ని మాత్రమే కత్తిరించి ఉంచుకోవడం వలన ఎన్నో ఉత్తరాలలోని విషయం శాశ్వతంగా నష్టమైంది.

నేపథ్యం

ఆ కాలంలో ఉత్తరాలకు కవరు వాడకం అరుదు. వ్రాసిన కాగితాన్నే మడిచి, లక్కతో ముద్ర వేసి, వెలుపల చిరునామా వ్రాసేవారు. రుసుము దూరాన్ని, కాగితాల సంఖ్యను బట్టి ఉండేది. దానిని చాలావరకు ఉత్తరం అందుకొన్నవారే చెల్లించేవారు. 1830లలో లండను నుండి ఎడింబరోకు ఒక కాగితపు ఉత్తరానికి షిల్లింగుకు పైగా అయ్యేది. అందువలన 1652 నుండి సభ్యులకు లభించిన ఉచిత తపాలా హక్కు ఎంతో విలువైనదయింది. సభ్యులు బంధుమిత్రుల ఉత్తరాలకు కూడా ఫ్రాంకు చేసి ఇచ్చేవారు. జేన్ ఆస్టిన్ 1814 నాటి నవల మాన్స్‌ఫీల్డ్ పార్క్‌లో ఫానీ తన అన్నకు వ్రాసే ఉత్తరానికి సర్ థామస్ ఫ్రాంకు చేస్తాడని ఎడ్మండ్ చెప్పడం ఈ వాడుకకు ఉదాహరణ.

నిబంధనలు

దుర్వినియోగాన్ని అరికట్టడానికి పార్లమెంటు నిబంధనలను క్రమంగా కఠినం చేసింది.

* 1764: చిరునామా మొత్తం సభ్యుడే స్వహస్తంతో వ్రాయాలి. ఫ్రాంకును ఫోర్జరీ చేసినవారికి ఏడేళ్ళ ద్వీపాంతర శిక్ష.
* 1784: ఉత్తరం వేసిన ఊరి పేరును, తేదీని కూడా సభ్యుడే వ్రాయాలి. తేదీ, నెల అక్షరాలలో ఉండాలి.
* 1795: రోజుకు పంపేవి 10, అందుకొనేవి 15. బరువు ఒక ఔన్సు మించరాదు. సభ్యుడు ఉత్తరం వేసే ఊరికి 20 మైళ్ళ లోపు ఉండాలి.

ఈ శిక్ష నామమాత్రం కాదు. 1818లో లారెన్స్ హైన్స్ హాలోరన్ అనే వ్యక్తి, పార్లమెంటు సభ్యుడు సర్ విలియం గారో పేరిట పది పెన్నీల విలువగల ఫ్రాంకును ఫోర్జరీ చేసినందుకు ఏడేళ్ళ శిక్షపై ఆస్ట్రేలియాకు పంపబడ్డాడు. అక్కడ సిడ్నీలో పాఠశాల నడిపాడు.

రద్దు

రోలాండ్ హిల్ ప్రతిపాదించిన ఒక పెన్నీ తపాలా విధానం 1840 జనవరి 10న అమలులోకి రావడంతో సభ్యుల ఫ్రాంకు హక్కు రద్దయింది. అదే సంవత్సరం మే నెలలో పెన్నీ బ్లాక్ తపాలా బిళ్ళ వచ్చింది.

సేకరణ, గుర్తింపు

19వ శతాబ్దంలో ఫ్రాంకులను ఆల్బములలో అంటించడం వ్యాపకమైంది. ప్రభువుల సభ సభ్యులు, బిషప్పులు, కామన్స్ సభ సభ్యులు అని విభజించి అమర్చేవారు. సంతకం సాధారణంగా ఎడమ వైపు దిగువన, ఊరు, తేదీ పై భాగాన ఉంటాయి. తపాలా కార్యాలయం వేసిన "ఫ్రీ" అనే ముద్ర కూడా కనిపిస్తుంది.

ప్రభువులు తమ బిరుదును మాత్రమే సంతకం చేస్తారు. కావున ఒకే సంతకం వేర్వేరు తరాలవారిది కావచ్చు. ఉదాహరణకు, "క్లైవ్" అనే బిరుదు 1774 వరకు రాబర్ట్ క్లైవ్‌ది, ఆ తరువాత అతని కుమారుడు ఎడ్వర్డ్‌ది. 1800లో దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీకి సంక్రమించినపుడు మద్రాసు గవర్నరు ఈ ఎడ్వర్డే. 1804లో ఇతనికి పోవిస్ ఎర్ల్ బిరుదు లభించింది. 1784 నిబంధన ప్రకారం తేదీ వ్రాసి ఉన్న "క్లైవ్" ఫ్రాంకు తండ్రిది కాజాలదు.

చారిత్రక విలువ

ఊరు, తేదీ స్వహస్తంతో ఉండటం వలన ఒక రాజకీయవేత్త ఏ రోజున ఎక్కడ ఉన్నాడో తెలుసుకోవడానికి ఫ్రీ ఫ్రంట్ ఉపయోగపడుతుంది. కాని ఉత్తరం ఎవరు వ్రాశారో, ఎందుకు వ్రాశారో అది చెప్పదు. ఫ్రాంకు చేసిన సభ్యుడే లోపలి ఉత్తరాన్ని వ్రాసి ఉండనవసరం లేదు. సభ్యుని ఇంటి స్త్రీలు, మిత్రులు వ్రాసుకొన్న మాటలు కూడా కత్తెరకు పోయినవాటిలో ఉన్నాయి. అందుచేత తపాలా చరిత్రకారులు కత్తిరించిన భాగాల కంటే పూర్తి ఉత్తరాలకే ఎక్కువ విలువ ఇస్తారు.