రాజద్రోహ చట్టంపై చర్చల్లో స్వాతంత్ర్య సమర చరిత్ర

భారత శిక్షాస్మృతిలోని 124ఎ సెక్షన్, అంటే రాజద్రోహ నేరం, చర్చకు వచ్చినప్పుడల్లా నాయకులు తిలక్, గాంధీ వంటి స్వాతంత్ర్య సమరయోధుల పేర్లు ఎత్తడం 1948 నాటి రాజ్యాంగ సభ నుంచి ఉన్న ఆనవాయితీ. సెక్షన్ రద్దు చేయాలన్నవారూ, దాని స్థానంలో మరొకటి తెచ్చినవారూ దాదాపు ఇవే పేర్లు చెప్పారు.

మెకాలే 1837లో రాసిన ముసాయిదాలో ఈ నేరం ఉన్నా, 1860లో వచ్చిన శిక్షాస్మృతిలో అది లేదు. 1870లో జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ దాన్ని చేర్చాడు. ఈ సెక్షన్ కింద తిలక్‌కు 1897లో 18 నెలల శిక్ష పడింది. 1908లో ‘కేసరి’ వ్యాసాలకు 6 ఏళ్ల శిక్ష వేసి మాండలే పంపారు. తెలుగునాట అదే ఏడాది బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో వచ్చిన రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు జైలు పాలయ్యారు. ఢిల్లీ చర్చల్లో వల్లించే జాబితాలో ఆయన పేరు ఎందుకో వినబడదు.

పాత కేసును కొత్త వాదనలోకి లాగే అలవాటు నిజానికి కోర్టు గదిలోనే మొదలైంది. 1922 మార్చి 18న అహ్మదాబాద్‌లో గాంధీకి 6 ఏళ్ల శిక్ష విధిస్తూ జడ్జి బ్రూమ్‌ఫీల్డ్ తిలక్ కేసునే కొలమానంగా తీసుకున్నాడు. తిలక్ సరసన తనను నిలపడం గౌరవమేనని గాంధీ బదులిచ్చాడు. తిలక్‌కు శిక్ష వేసిన బొంబాయి హైకోర్టులోనే 1956లో ఆయన మాటలు చెక్కిన ఫలకాన్ని ప్రధాన న్యాయమూర్తి చాగ్లా ఆవిష్కరించారు.

వాక్‌స్వాతంత్ర్యంపై పెట్టగల ఆంక్షల్లో రాజద్రోహాన్నీ చేర్చిన ముసాయిదా అధికరణం 1948 డిసెంబరులో రాజ్యాంగ సభ ముందుకు వచ్చింది. ఆ మాట తీసేయాలని కె.ఎం. మున్షీ సవరణ పెట్టారు. ఆయనది న్యాయవాది వాదన. జబల్‌పూర్ నుంచి వచ్చిన సేఠ్ గోవిందదాస్ మాత్రం సొంత ఇంటి కథ చెప్పారు. 1857 తిరుగుబాటులో బ్రిటిష్ వారికి సాయపడినందుకు ఆయన ముత్తాతకు వజ్రాలు పొదిగిన బంగారు నడుంపట్టీ బహుమానంగా దక్కింది. ఆ సేవకు గుర్తింపుగా ఇచ్చినట్టు దానిమీదే చెక్కి ఉంది. ముత్తాత చేసింది పాపమనీ, ఆ సర్కారును కూలదోసే పనికి దిగి మునిమనవడు ఆ పాపం కడుక్కున్నాడని కూడా దానిమీద చెక్కించాలని ఉందనీ 1930 సత్యాగ్రహ కాలంలో గోవిందదాస్ ఒక సభలో అన్నారు. అందుకు 124ఎ కింద రెండేళ్ల కఠిన కారాగారం. ఈ చర్చల చరిత్ర మొత్తంలో ఇంత బరువైన సాక్ష్యం మరొకటి కనబడదు. చెప్పినవాడే శిక్ష అనుభవించినవాడు.

రాజ్యాంగంలోంచి మాట పోయింది, శిక్షాస్మృతిలో సెక్షన్ మిగిలింది. ఆచరణరీత్యానే కాక చారిత్రక కారణాల రీత్యా కూడా దానికి చోటుండకూడదని, ఎంత త్వరగా వదిలించుకుంటే అంత మంచిదని 1951లో నెహ్రూ పార్లమెంటులో అన్నారు. అయితే ఆయన అప్పుడు తెచ్చిన మొదటి రాజ్యాంగ సవరణే వాక్‌స్వాతంత్ర్యంపై ఆంక్షల్లోకి శాంతిభద్రతల ప్రాతిపదికను చేర్చి, ఆ సెక్షన్ బతికి బట్టకట్టడానికి దారి వేసింది. 1950లో పంజాబ్ హైకోర్టు కొట్టేసిన సెక్షన్‌ను 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు నిలబెట్టింది ఆ ఆధారంతోనే. హింసకు, అశాంతికి పురికొల్పే మాటలకే అది వర్తిస్తుందని హద్దు గీసింది.

ఆ కేసు మూలం కూడా చరిత్రను పిలిచిన ఒక ప్రసంగమే. 1953లో బీహార్‌లోని బరౌనీలో ఫార్వర్డ్ కమ్యూనిస్టు పార్టీకి చెందిన కేదార్‌నాథ్ సింగ్, తెల్లవాళ్లను తరిమినట్టే కాంగ్రెస్ వాళ్లనూ తరుముతామని, విప్లవం వచ్చి తీరుతుందని గర్జించాడు. స్వాతంత్ర్య పోరాటం పేరుతో అధికారం చేపట్టిన ప్రభుత్వం, అదే పోరాటాన్ని తనపైకి ఎక్కుపెట్టిన వక్తపై రాజద్రోహం మోపింది. పడిన శిక్ష ఏడాది.

2016లో జేఎన్‌యూ విద్యార్థి నాయకుడు కన్హయ్య కుమార్ రాజద్రోహ కేసులో అరెస్టయిన తర్వాత భగత్‌సింగ్ పేరు చర్చలోకి వచ్చింది. భగత్‌సింగ్‌ను ఆనాటి కన్హయ్యగా కాంగ్రెస్ నేత శశిథరూర్ పోల్చగా, అమరవీరుణ్ని అవమానించారని బీజేపీ విరుచుకుపడింది. రెండు వైపులా ఆవేశంలో ఒక సంగతి పక్కకు పోయింది. భగత్‌సింగ్‌కు శిక్ష పడింది 124ఎ కింద కాదు. సెంట్రల్ అసెంబ్లీలో బాంబులు వేసిన కేసులో హత్యాయత్నం, పేలుడు పదార్థాల చట్టం. లాహోర్ కేసులో హత్య, చక్రవర్తిపై యుద్ధం చేసిన నేరం. రాజద్రోహ చట్టానికి ఆయన్ను ఉదాహరణగా తేవడం సభలో చప్పట్లు కొట్టిస్తుందేమో కానీ వాదనకు బలం కాదు.

2019 ఎన్నికల ప్రణాళికలో కాంగ్రెస్ 124ఎ రద్దు హామీ ఇచ్చింది. 2021 జులైలో ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ, గాంధీ, తిలక్‌ల నోరు నొక్కిన చట్టం స్వాతంత్ర్యం వచ్చిన 75 ఏళ్ల తర్వాత కూడా అవసరమా అని కేంద్రాన్ని నిలదీశారు. 2022 మే 11న ఆయన నేతృత్వంలోని ధర్మాసనం సెక్షన్ అమలును పక్కన పెట్టించింది.

2023 డిసెంబరులో, శిక్షాస్మృతి స్థానంలో తెచ్చిన భారతీయ న్యాయ సంహితపై లోక్‌సభలో మాట్లాడుతూ హోంమంత్రి అమిత్ షా, తిలక్, గాంధీలను జైలుకు పంపిన ఆంగ్లేయుల చట్టానికి స్వస్తి పలికామన్నారు. రెండు సభల్లో కలిపి 140 మందికి పైగా ప్రతిపక్ష సభ్యులు అప్పటికే సస్పెండ్ అయ్యారు కనుక, అదే చరిత్రను మరో వైపు నుంచి చదివే గొంతులు అక్కడ పెద్దగా లేవు. కొత్త సంహితలోని 152 సెక్షన్ దేశ సార్వభౌమత్వాన్ని, సమైక్యతను, అఖండతను ప్రమాదంలో పడేసే మాటలను, చేతలను నేరంగా చూస్తుంది. పాత సెక్షన్‌లో యావజ్జీవం, లేదంటే 3 ఏళ్ల దాకా జైలు ఉండగా, ఇందులో యావజ్జీవం, లేదంటే 7 ఏళ్ల దాకా జైలు. 2024 జులై 1న ఇది అమల్లోకి వచ్చింది.