డాబా మీద నలభై మీటర్లు

మెట్లు ఇరుకు, చూసుకుని ఎక్కండి. పైన తలుపు బిగుసుకుపోయి ఉంటుంది, భుజంతో తోయాలి. తోశారా? ఇదీ డాబా. ఆదివారం, పొద్దున ఆరు దాటింది. సిద్దిపేట ఇంకా పూర్తిగా లేవలేదు. కింద గల్లీలో పాలబండి హారను, ఎవరో వాకిట్లో సాంపి చల్లుతున్న చప్పుడు. నీళ్ల ట్యాంకుకు కట్టిన ఇనుప పైపు కొస నుంచి అటూ ఇటూ వాలుగా దిగిన రాగి తీగ కనిపిస్తోందా? అదే యాంటెన్నా. బట్టలారేసే తీగ అనుకుని పక్కింటావిడ ఓసారి దాని మీద దుప్పటి వేయబోయిందట. ఒక్కో రెక్క పది మీటర్లు. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తీగ మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. ఈ తీగ పనిచేసే ఏడు పాయింట్ ఒకటితో భాగించి చూడండి, ఇరవై మీటర్ల పైచిల్లర. హామ్‌లకు, అంటే సరదాకు రేడియో నడిపేవాళ్లందరికీ, నోటికొచ్చిన లెక్క ఇది.

ట్యాంకు నీడలో చాప పరిచి ఉంది. దాని మీద పన్నెండు వోల్టుల బ్యాటరీ, పక్కన ఓ ప్లాస్టిక్ డబ్బా, అదే రేడియో. డబ్బాకు ముందు రెండు గుండీలు, వెనక నాలుగు వైర్లు. పాతికేళ్లు నిండని పిల్లగాడు బాసింపట్టు వేసుకుని కూచున్నాడు. ఈ ఇంటి అబ్బాయే. హామ్ లైసెన్సుకు రిస్ట్రిక్టెడ్ గ్రేడు పరీక్ష పాసై, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే రేడియోలో తన పేరు, తెచ్చుకున్నాడు. మోర్స్ కోడ్ నేర్చుకుని నిమిషానికి ఎనిమిది మాటల వేగంతో ఆ పరీక్ష కూడా గట్టెక్కితే జనరల్ గ్రేడు, అప్పుడు వీయూ2. పన్నెండేళ్లు నిండిన ఎవరైనా రాయొచ్చు. మీరు చాప మీద ఎక్కడైనా కూచోండి గానీ ఆ మైకు జోలికి పోకండి. లైసెన్సు లేకుండా మీట నొక్కడం నేరం.

స్విచ్ వేశాడు. బుస్సుమని శబ్దం. దాని అడుగున జుయ్యిమని ఇంకోటి వినిపిస్తోంది చూశారా, అది ఎదురింటి ఎల్ఈడీ బల్బు. చౌక బల్బులు, మొబైల్ చార్జర్లు, ఇన్వర్టర్లు అన్నీ రేడియోలో ఇలాగే రొద పెడతాయి. వీధి మొత్తం కరెంటు పోతే హామ్‌కు పండగ. వాడి దగ్గర బ్యాటరీ ఉంటుంది, చుట్టూ నిశ్శబ్దం ఉంటుంది. కరెంటు పోతే సంతోషించే మనుషులు ఊళ్లో వీళ్లు తప్ప ఇంకెవరైనా ఉంటారా అని నా అనుమానం.

గుండీ మెల్లగా తిప్పుతున్నాడు. ముక్కుతో మాట్లాడే బాతు గొంతొకటి వచ్చింది. కంగారు పడకండి, సింగిల్ సైడ్‌బ్యాండ్ అంటే అంతే. ఫ్రీక్వెన్సీ కాస్త అటో ఇటో ఉంటే మనిషి బాతవుతాడు. ఇంకో వెంట్రుకవాసి తిప్పాడు. బాతు పోయి, దగ్గుతూ గొంతు సవరించుకుంటున్న పెద్దమనిషి వచ్చాడు. హైదరాబాద్ నుంచి. తెలుగే మాట్లాడుతున్నాడు, మధ్యలో అక్షరాలు మాత్రం విక్టర్, యూనిఫామ్ అంటూ పలుకుతున్నాడు. ఎవరెవరు ఉన్నారో ఒక్కొక్కరే చెప్పమంటున్నాడు. దీన్నే నెట్ అంటారు. ఒకరు నడిపిస్తారు, మిగతావాళ్లు పిలిచినప్పుడే మాట్లాడతారు. ఒకరి మాట మీద ఇంకొకరు మాట్లాడితే ఇద్దరిదీ ఎవరికీ అందదు కాబట్టి ఈ మర్యాద తప్పదు. మన టీవీ చర్చలను ఓ వారం ఈ బ్యాండ్ మీద నడిపిస్తే బావుండు.

పిల్లగాడు మీట నొక్కి కాల్‌సైన్ చెప్పి వదిలాడు. క్షణం బుస్సు. తర్వాత అటు నుంచి: "సిద్దిపేట తమ్మీ, మంచిగ ఇనవడ్తున్నవ్. ఫైవ్ సెవెన్. ఇయాల ఏం జేస్తున్నవ్?" ఫైవ్ సెవెన్ అంటే సిగ్నల్ ఎలా ఉందో చెప్పే అంకెలు.

"వస్తున్న అన్నా, లామకాన్‌కే. రేడియో పట్కొస్త. పవర్ సరిగ వస్తలేదు."

ఇప్పుడు చాప మీదున్న ఆ వాకీటాకీ లాంటి చేతి సెట్టు చూడండి. కొన్నప్పుడు ఈ అబ్బాయి దాంతోనే హైదరాబాద్‌ను పిలిచి పిలిచి అలిసిపోయాడు. అది 145 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తుంది. ఆ తరంగం దాదాపు తిన్నగా పోతుంది. కంటికి ఆనే మేరే దాని మేర. గుట్టలు, భూమి వంపు దాటి వంద కిలోమీటర్లు పోవడం దాని వల్ల కాదు. ఏడు మెగాహెర్ట్జ్, అంటే నలభై మీటర్ల బ్యాండు, దారి వేరు. ఈ వాలు తీగ నుంచి మాట తిన్నగా నెత్తి మీదికి పోతుంది, సుమారు మూడొందల కిలోమీటర్ల ఎత్తున అయనోస్ఫియర్ అనే పొరను తాకి కిందికి తిరుగుతుంది. హైదరాబాద్ మనిషిని పలకరించడానికి ఆరొందల కిలోమీటర్ల ప్రయాణం. పట్టేది సెకనులో ఐదొందలో వంతు. రాత్రి బాగా పొద్దుపోయాక ఇక్కడికే రండి, తమాషా తిరగబడుతుంది. పైన ఆ పొర పలచబడి, నిటారుగా పోయిన మాట తిరిగి రాకుండా అట్నుంచటే దాటిపోతుంది. హైదరాబాద్ మాయం. వాలుగా పోయినవి మాత్రం ఎక్కడో దూరాన దిగుతాయి. అప్పుడు ఇదే తీగ మీద ఇండోనేషియా, రష్యా వినిపిస్తాయి.

చాయ్ పట్టుకుని వాళ్లమ్మ పైకొచ్చింది. మీకూ ఇచ్చింది, తీసుకోండి. కొడుకు మైకులో కాల్‌సైన్ మూడోసారి చెప్పడం విని, "ఫోన్ జేస్తే అయిపాయె గదరా" అంది. పిల్లగాడు నవ్వాడంతే. ఏ ఇంట్లోనైనా హామ్‌కు ఎదురయ్యే ప్రశ్నే ఇది, ఏ ఇంట్లోనూ తేలదు.

నన్నడిగితే 2004 డిసెంబర్ చెబుతాను. హైదరాబాద్ రాజ్‌భవన్ రోడ్డులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో, 1983లో పుట్టిన సంస్థ, భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఓ బృందాన్ని పోర్ట్ బ్లెయిర్ పంపింది. అండమాన్ నుంచి హామ్ గొంతు వినపడి ఏళ్లయింది. అందుకని ప్రపంచమంతా ఆ స్టేషన్ కోసం బారులు తీరింది. ఒక్కొక్కరితో రెండు ముక్కలు, సిగ్నల్ ఎలా ఉందో ఓ అంకె, తర్వాతి వాడు. సరదా పనే. 26వ తేదీ పొద్దున భూమి కదిలింది, సముద్రం మీదికొచ్చింది, ఫోన్లు పోయాయి. ఆ సరదా సెట్ల మీదే ఆ రోజు నుంచి క్షేమ సమాచారాలు నడిచాయి. కార్ నికోబార్‌లోనూ సెట్టు పెట్టారు. దీన్ని ఆ తల్లికి చెబితే ఒప్పుకుంటుందని కాదు. "సిద్దిపేటకు సముద్రమెక్కడిది" అంటుంది, అదీ నిజమే.

రండి, బస్సు దొరకాలి. డబ్బా సంచిలో పెట్టి ఒళ్లో పట్టుకున్నాడు, పైన సామాన్ల అరలో పెట్టనీయలేదు. రాజీవ్ రహదారి మీద కుకునూర్‌పల్లి, ప్రజ్ఞాపూర్, శామీర్‌పేట దాటి జూబ్లీ బస్‌స్టేషన్. అక్కడి నుంచి బంజారాహిల్స్ ఒకటో నంబరు రోడ్డు, పక్క సందులోకి తిరిగితే లామకాన్. 2010లో తలుపులు తెరిచిన సాంస్కృతిక వేదిక. నాటకాలు, ముషాయిరాలు, సినిమాలు, చవగ్గా చాయ్, సమోసా. ఒక మూల బల్ల మీద మాత్రం సోల్డరింగ్ పొగ. లామకాన్ అమెచ్యూర్ రేడియో క్లబ్ అంటే ఈ బల్లే. ముక్కుకు రోజిన్ వాసన తగలగానే చేరామని తెలుస్తుంది.

సంచిలోని డబ్బాకు ఇది పుట్టిల్లే. లామకాన్‌ను నెలకొల్పినవారిలో ఒకరైన అష్హర్ ఫర్హాన్, కాల్‌సైన్ వీయూ2ఈఎస్ఈ, 2003లో బిటెక్స్ అనే రేడియోను రూపొందించి సర్క్యూట్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. దిగుమతి విడిభాగాలు మన హామ్‌లకు ఎక్కడ దొరుకుతాయి? అందుకే మామూలు కొట్లలో దొరికే ట్రాన్సిస్టర్లతో గీశారు. కాయిల్ చుట్టడానికి విదేశీ ఉంగరాలు లేకపోతే కుళాయిలో వేసే నైలాన్ వాషర్ చాలన్నారు. ఒకే ఆంప్లిఫయర్ మాట పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ పనిచేస్తుంది, అంటే ఖర్చు మిగిలినట్టే. 2016లో బిటెక్స్40 బోర్డుగా అమ్మకానికొచ్చింది. సుమారు ఏడు వాట్లు, అంటే గదిలో బల్బు పాటి బలం. వాటి కాయిళ్లు చుట్టింది హైదరాబాద్ మహిళలు. అమెరికాలో, జపాన్‌లో ఎందరి బల్లల మీదో ఆ చేతులు చుట్టిన తీగలున్నాయి. హైదరాబాద్ గొప్పలు చెప్పేటప్పుడు బిర్యానీ దగ్గరే ఆగిపోయేవాళ్లకు ఇది తెలియాలి.

మీరు కాస్త పక్కకు జరగండి, వెలుతురు పడాలి. డబ్బా మూత తీశారు. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్న ఓ పెద్దాయన మల్టీమీటర్ కొసలు పట్టుకుని, "మాట్లాడు" అన్నాడు. పిల్లగాడు మీట నొక్కి "హలో టెస్ట్" అన్నాడు. ముల్లు కదిలీ కదలనట్టుంది. పెద్దాయన సన్న స్క్రూడ్రైవర్‌తో ఓ చిన్న ప్రీసెట్‌ను రవ్వంత తిప్పాడు. పవర్ ట్రాన్సిస్టర్ ఐఆర్ఎఫ్510కి బయాస్ సరిపోలేదట. ఎక్కువ తిప్పితే అది కాలిపోతుంది, అందుకే అందరూ ఊపిరి బిగబట్టారు. "మల్ల మాట్లాడు." ఈసారి ముల్లు లేచింది. ఎవరో సమోసా ప్లేటు ముందుకు జరిపారు.

ఇక మాటలు యాంటెన్నా మీదికి మళ్లాయి. డాబా మీద తీగ ఇంకా ఎత్తు పెంచాలని ఒకరు, ఈ బ్యాండుకు, ఈ దూరానికి ఆ ఎత్తు చాలని ఇంకొకరు. తేలలేదు. పెద్దాయన కళ్లద్దాలు దించుకుంటూ, "ఒక ఆదివారం మనమే సిద్దిపేటకు పోదాం. కోమటి చెరువు కట్ట దగ్గర రెండు ఎత్తుల్లో తీగ కట్టి చూస్తే తెలుస్తది గదా" అన్నాడు.

"బొంగులు నేను తెస్త," అన్నాడు పిల్లగాడు. "తాడెవరు తెస్తరు?"

తాడు సంగతి ఇంకా తెగలేదు. ఒకాయన తన దగ్గర యాభై మీటర్లుందంటాడు, అది నైలానా నూలా అని మరొకాయన ఆరా.