స్టెప్నీ లేని ఇల్లు

‘టైరు మారుస్తాం’ అని కాగితంలో ఉంటుంది. ‘టైరు ఇస్తాం’ అని ఉండదు. అమెరికాలో మోటర్‌హోమ్ యజమానులకూ, బండి దారిలో ఆగిపోతే ఆదుకుంటామని ఏటా రుసుము కట్టించుకునే కంపెనీలకూ మధ్య నడిచే తగాదాలు ఇలాంటి మాటల సందుల్లోంచే పుడుతుంటాయి.

మోటర్‌హోమ్ అంటే మన సినిమావాళ్ల కారవాన్ లాంటిదే. కాకపోతే దాన్ని నడిపేది కంపెనీ డ్రైవరు కాదు, ఎక్కువగా రిటైరైన భార్యాభర్తలు. పడక, పొయ్యి, స్నానాలగది అన్నీ అందులోనే. పెద్దవి 40 అడుగులు దాటుతాయి, 15 టన్నుల పైన తూగుతాయి. ఇంత సరంజామా ఉన్న బండిలో లేనిది ఒక్కటే, స్టెప్నీ. పెద్ద మోటర్‌హోమ్ చక్రం రిమ్ముతో కలిపి 70 కిలోల పైమాటే. దాన్ని పెట్టడానికి చోటు కావాలి, రోడ్డు పక్కన ఎత్తి బిగించడానికి మనిషి కావాలి. తయారీదారులు చాలామంది ఆ బాదరబందీ మనకెందుకని వదిలేశారు.

‘స్టెప్నీ’ అన్న మాటకూ ఒక కథ ఉంది. 1900ల తొలి రోజుల కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. పంక్చరైతే దుమ్ములో కూర్చుని ట్యూబుకు మాటు వేసుకోవడమే. 1904లో వేల్స్‌లోని లానెలీ ఊళ్లో, స్టెప్నీ స్ట్రీట్ అనే వీధిలో, డేవీస్ సోదరులు ఒక ఉపాయం చేశారు. చువ్వలు లేని ఉత్త రిమ్ము, దానికి గాలి నింపిన టైరు. పంక్చరైన చక్రానికి పక్కనే దాన్ని బిగించుకుని ఇంటికి చేరొచ్చు. ఆ వీధి పేరే వస్తువు పేరైంది. ఇంగ్లండులో ఆ మాట ఎప్పుడో పాతబడింది కానీ మన మెకానిక్ షెడ్లలో ఇప్పటికీ రోజూ వినిపిస్తుంది.

స్టెప్నీ వచ్చిన మరుసటి ఏడాదే, 1905లో, లండన్‌లో ఆటోమొబైల్ అసోసియేషన్ పుట్టింది. బండ్లు బాగుచేయడానికి కాదు, పోలీసుల నుంచి సభ్యుల్ని కాపాడటానికి! అప్పట్లో వేగ పరిమితి గంటకు 20 మైళ్లు. పోలీసులు పొదల చాటున మాటువేసేవాళ్లు. సంఘం పెట్టిన సైకిలు కుర్రాళ్లు సభ్యుల్ని ముందే హెచ్చరించేవాళ్లు. అలా హెచ్చరించడం పోలీసుల విధికి అడ్డు తగలడమేనని 1909లో కోర్టు తీర్పు వచ్చింది. దానికి సంఘం కనిపెట్టిన విరుగుడు ముచ్చటైనది. సభ్యుడి కారు కనబడితే కుర్రాడు సెల్యూట్ కొడతాడు. కొట్టలేదంటే ముందు ఏదో ఉందన్నమాట. సెల్యూట్ కొట్టనందుకు ఎవరి మీద కేసు పెడతారు? ఏ సాయం చేస్తారో రాతకోతల్లో లేకపోవడమే ఆనాడు సభ్యుడికి లాభం. తర్వాత్తర్వాత అదే అతని మెడకు చుట్టుకుంది.

అమెరికాలో 1915లో సెయింట్ లూయిస్ ఆటో క్లబ్బువాళ్లు మోటారు సైకిళ్లెక్కి, ఆగిపోయిన కార్లను వెతుక్కుంటూ తిరిగారు. ఆ మరుసటేడు టెనెసీ రాష్ట్రం చటనూగాలో, ఎర్నెస్ట్ హోమ్స్ అనే గ్యారేజీ యజమాని వాగులో పడ్డ కారును తాళ్లు, కప్పీలు, ఆరుగురు మనుషులతో నానా తంటాలు పడి బయటికి లాగాడు. ఇలా కాదని పాత కాడిలాక్ వెనక క్రేన్ బిగించాడు. నేటి టోయింగ్ బండికి మూలపురుషుడు అదే. అయితే క్లబ్బు చందా, లెక్క, బండి, తాడు అన్నీ మామూలు కారు బరువుకు కొలిచి చేసినవని గుర్తుపెట్టుకోవాలి.

ఇల్లు చక్రాలెక్కడం కూడా ఆ కాలంలోనే మొదలైంది. 1910లోనే పియర్స్ ఆరో కంపెనీ వెనక సీటును పడకగా మార్చుకునే కారు చూపించింది. అది శ్రీమంతుల ముచ్చట. 1963 జులైలో సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి మెయిన్ రాష్ట్రంలోని హింక్లీకి మోటర్‌హోమ్‌లలో చేరిన కుటుంబాలు, గ్రహణం విడిచాక ఊరికే పోకుండా ఒక సంఘం పెట్టుకున్నాయి. 1966లో అయోవా రాష్ట్రంలో విన్నెబాగో కంపెనీ మోటర్‌హోమ్‌లను చవగ్గా, వరసబెట్టి తయారుచేయసాగింది. అదే ఏడాది యూటా నుంచి ఒక ట్రెయిలర్ యజమాని పత్రికకు ఉత్తరం రాశాడు. ‘దారిలో తోటివాడికి సాయం చేయడానికి ఆగుతాను’ అని తెలిపే స్టిక్కరు బండి వెనక అంటించుకుంటే ఎలా ఉంటుంది? అలా పుట్టిందే గుడ్ శామ్ క్లబ్బు. అప్పటికి సాయానికి ఖర్చు ఒక స్టిక్కరు మాత్రమే. 1980లు వచ్చేసరికి ఆ క్లబ్బే ఏటా రుసుముకు రోడ్డు సాయం అమ్మడం మొదలుపెట్టింది. స్నేహంగా చేసే పనికి షరతులు అక్కర్లేదు. డబ్బు చేతులు మారితే కావాలి.

ఆ షరతుల పంచాయితీ చూడాలంటే హైవే అంచుకు పోవాలి. ఇంజను ఆగింది. ఎయిర్ బ్రేకుల్లో గాలి పోయింది. గాలి పోతే స్ప్రింగులు బ్రేకును పట్టేస్తాయి, చక్రం కదలదు. టోయింగ్ మనిషి బండి కింద దూరి, బోల్టులు తిప్పి స్ప్రింగులను ఒక్కొక్కటిగా బిగబట్టాలి, డ్రైవ్ షాఫ్టు ఊడదీయాలి. అప్పుడే లాగడం. ఈ అదనపు పనికి కూలి ఎవరివ్వాలి? అసలు ఆ మనిషి రావడమే గగనం. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఫోనెత్తిన అమ్మాయి కార్లు మోసే లారీని పంపుతుంది. వాడొచ్చి, ఎగాదిగా చూసి, తలగోక్కుని వెళ్లిపోతాడు. విసిగిన యజమాని తనే పెద్ద క్రేను పిలిపించుకుని బిల్లు పంపితే ‘ముందుగా మా అనుమతి తీసుకోలేదు’ అన్న జవాబు వస్తుంది.

‘ఎంత దూరమైనా లాగుతాం’ అన్న హామీ కూడా అంతే. దూరానికి హద్దు లేదు, నిజమే. కానీ చేర్చేది ‘దగ్గర్లోని తగిన మరమ్మతు కేంద్రానికి’. తగినదేదో తేల్చేది కంపెనీ. ఇంజను ఒకరిది, ఛాసిస్ ఇంకొకరిది, పైన ఇల్లు మరొకరిది. లారీ షెడ్డువాడు ఇంటిని ముట్టడు, ఇల్లు కట్టినవాడు ఇంజను ముట్టడు. గోడ బయటికి జరిగి గది పెద్దదయ్యే ఏర్పాటు మధ్యలో ఇరుక్కుంటే బండి అంగుళం కదలదు. కంపెనీ మాత్రం ‘బండికేమీ కాలేదు, చెడింది ఇల్లు’ అనగలదు.

ఆ మాటకొస్తే ఇది బండా, ఇల్లా అన్నదాంట్లో ప్రభుత్వమే ఒక్క మాట మీద లేదు. 1985లో కాలిఫోర్నియా వర్సెస్ కార్నీ కేసులో, శాన్ డియాగోలో ఆగి ఉన్న మోటర్‌హోమ్‌ను పోలీసులు వారంటు లేకుండా సోదా చేయడం తప్పు కాదని అమెరికా సుప్రీంకోర్టు 6–3తో తేల్చింది. నడిపించుకుపోగలిగేది కాబట్టి బండే అంది. పన్ను శాఖేమో, పడక, వంట, మరుగుదొడ్డి ఉంటే అప్పు మీద వడ్డీకి రెండో ఇల్లుగా మినహాయింపు పొందొచ్చంటుంది. దారిలో చిక్కుకుంటే హోటలు ఖర్చిస్తామనే పథకాల్లో ‘ఇంటికి 100 మైళ్ల అవతల’ అనే షరతు మామూలే. ఏడాది పొడవునా బండిలోనే కాపురముండే వాళ్లకు ఇల్లేది? కొందరికి కాగితాల మీది ఇల్లు సౌత్ డకోటాలోని ఒక పోస్టు డబ్బా!

ఈ బాధలన్నీ పడ్డ పాతకాపులు ఇప్పుడు బండి కింది అరలో ఒక టైరు వేసుకుని తిరుగుతున్నారు. రిమ్ము లేని ఉత్త టైరు. మారుస్తామన్నవాళ్లు వస్తే, వాళ్ల చేత పాత రిమ్ముకే ఎక్కించుకుంటారు. డేవీస్ సోదరులు చువ్వలు లేని రిమ్ము అమ్మారు. వీళ్లు రిమ్ము కూడా మానేశారు.