నపుంసకత్వం కాదు, స్తంభన లోపం

ఆంగస్ మెక్‌లారెన్ 2007లో వెలువరించిన ‘ఇంపొటెన్స్: ఎ కల్చరల్ హిస్టరీ’ పాశ్చాత్య సమాజాలు ఈ లోపాన్ని ఎలా అర్థం చేసుకున్నాయో వివరించే గ్రంథం. చేతబడి, హస్తప్రయోగం, మనోదౌర్బల్యం అంటూ ఒక్కో యుగం ఒక్కో కారణం చెప్పింది. రోగికి సిగ్గు మాత్రం తప్పలేదు.

1992 డిసెంబరులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సదస్సు ‘ఇంపొటెన్స్’కు బదులు ‘ఎరెక్టైల్ డిస్‌ఫంక్షన్’ అనాలని సూచించింది. మొదటి మాట మనిషినే తూలనాడుతుంది. రెండవది ఒక అవయవపు పనితీరును మాత్రమే తెలుపుతుంది. 1998 మార్చిలో వయాగ్రాకు అనుమతి లభించింది. 1996లో అధ్యక్ష పదవికి పోటీచేసిన బాబ్ డోల్, ప్రోస్టేట్ క్యాన్సర్ శస్త్రచికిత్స చేయించుకున్నవారు, ఈ సమస్యను గూర్చి టీవీ ప్రకటనలో బాహాటంగా మాట్లాడారు. ఆ ప్రకటన మందుల కంపెనీ లాభం కోసమే వచ్చింది. అయినప్పటికీ, రెండవ ప్రపంచయుద్ధంలో తీవ్రంగా గాయపడిన ఆ వృద్ధనాయకుణ్ణి పౌరుషహీనుడనడం ఎవరికి సాధ్యం?

తెలుగులో నేటికీ ‘నపుంసకత్వం’ అన్న మాటే ముందు నోటికి వస్తుంది. ‘స్తంభన లోపం’ అనడం అలవాటైతే రోగి నోరు విప్పుతాడు. పురుషాంగ ధమనులు గుండె ధమనులకన్నా సన్ననివి. రక్తనాళాల జబ్బు తరచుగా అక్కడే ముందు కనబడుతుంది. ఆ సూచనను సిగ్గుతో దాచిపెడితే, జబ్బు సంగతి గుండెపోటుతో గాని తెలియకపోవచ్చు.