మాండవ్యుని ప్రశ్న

భారతకథ వినిన తెలుగువారికి అణిమాండవ్యుడు పరిచితుడే. మౌనవ్రతమున నున్న ఆ ముని ఆశ్రమమున దొంగలు సొమ్ము దాచిపోగా, రాజభటులు ఆయనను కూడ దొంగగా నెంచి కొఱ్ఱున వేసిరి. చావక బ్రదికిన ముని ధర్ముని యొద్దకు పోయి, ఏ పాపమునకు ఈ శిక్ష యని అడిగెను. బాల్యమున తూనీగలను పుల్లలతో గ్రుచ్చి ఆడితివి, దాని ఫలమిది యని ధర్ముడు లెక్క చూపెను. అంతట ముని కోపించి, ఇకమీదట పదునాలుగేండ్లు నిండని వానికి పాపము లేదని మర్యాద విధించి, ధర్ముని మానవుడై పుట్టుమని శపించెను. విదురుడు అట్లు పుట్టెను.

ఈ కథను విదురుని జన్మకారణముగా చదివి దాటిపోవుట వాడుక. కాని ఇందు న్యాయశాస్త్రమునకు సంబంధించిన చిక్కు ఒకటి కలదు. ధర్ముడు చూపిన నేరము కల్పితము కాదు. చేసినవాడును ఆ మునియే. తప్పెక్కడ నున్నదనగా, పసివాని చేతకు పెద్దవాని కొలత వేయుటలో. మాండవ్యుడు చెప్పిన విరుగుడు కూడ గమనింపదగినది. ఆ బాలునకు తెలిసి చేసెనో తెలియక చేసెనో పరీక్షింపుమని ఆయన అనలేదు. ఒక వయస్సు చెప్పి, అచ్చట గీత గీసెను. తెలివిని కొలుచుట ఒక మార్గము, వయస్సున గీత గీయుట మఱియొక మార్గము. బాలుర నేరములను గూర్చి చట్టములు చేసినవారందరును ఈ రెంటి నడుమనే ఊగులాడిరి.

మన స్మృతికారులు చాలవరకు గీతవైపే మొగ్గిరి. నారదుడు ఎనిమిదవ యేటి వరకు శిశువును గర్భస్థునితో సమానముగా నెంచెను; పదునారేండ్ల వరకు బాలుడనెను. పదునారు నిండనివానికి ప్రాయశ్చిత్తము సగమే యను వచనమును కలదు.

ఇంగ్లండున వేఱుగా జరిగినది. అచ్చట ఏడేండ్లలోపు వానికి నేరము లేదు. ఏడు మొదలు పదునాలుగు వరకు తెలియనివాడనియే మొదట తలంతురు. కాని తెలివి కలదని ఋజువైనచో శిక్షింపవచ్చును. వయస్సున గల కొఱతను దుర్బుద్ధి పూరించునని వారి సూత్రము. వినుటకు ఇది న్యాయముగనే యుండును. ఆచరణలో ఏమైనదో 18వ శతాబ్దపు ధర్మశాస్త్రవేత్త బ్లాక్‌స్టన్ తన గ్రంథమున వ్రాసియుంచెను. అబింగ్డన్ అను నూరిలో రెండు ధాన్యపుకొట్టములకు నిప్పుపెట్టిన ఎనిమిదేండ్ల బాలునియందు పగయు కపటమును కనబడెనని అతనిని ఉరితీసిరి. తోడివారిని చంపిన ఇరువురు బాలురలో ఒకడు దాగికొనెను, ఒకడు శవమును దాచెను. ఆ దాచుటయే తెలివికి సాక్ష్యమయ్యెను. వారిలో పదేండ్లవాడు ఉరికంబమెక్కెను. పాలగిన్నె ఒలుకబోసిన నాలుగేండ్ల పిల్లవాడును మంచము క్రింద దాగునన్న సంగతి ఆ న్యాయాధిపతుల యిండ్లలో ఎవరికిని తెలియకపోదు. కాని యెదుట శవమున్నప్పుడు అట్టివి జ్ఞప్తికి రావు. తెలివిని కొలువబోయిన తక్కెడలో నేరముయొక్క ఘోరమే వచ్చి కూర్చుండును.

ఈ సూత్రమే కొంత సడలి మన దేశమునకు వచ్చినది. మెకాలే 1837లో చిత్తుపఱచిన శిక్షాస్మృతి 1860లో చట్టమయ్యెను. దాని 82వ సెక్షను ఏడేండ్లలోపు వానిని పూర్తిగ విడిచినది. 83వ సెక్షను ఏడు దాటి పన్నెండు నిండనివానిని, తన చేతయొక్క స్వభావమును, ఫలితమును గ్రహింపగల పరిపక్వత లేనిచో విడిచినది. పన్నెండు దాటినవాడు నేరస్థుడగుటలో పెద్దవానితో సమానుడే. 1876, 1897 సంవత్సరముల రిఫార్మేటరీ పాఠశాలల చట్టములు కొందఱు బాలురను చెఱసాలనుండి తప్పించినవి కాని, విచారణలో మార్పు తేలేదు.

మార్పునకు దారితీసినది 1919–20 నాటి జైళ్ల కమిటీ. బాలురకు ప్రత్యేక న్యాయస్థానములు ఉండవలెనని అది కోరెను. అమెరికాలోని చికాగో నగరమున అట్టి న్యాయస్థానము 1899లోనే వెలసియుండెను. మన దేశమున మొదట కదలినది మద్రాసు రాజధాని; 1920లో బాలల చట్టము చేసెను. పదునాలుగేండ్లలోపువాడు బాలుడు, పదునాలుగు మొదలు పదునారు వరకు యువకుడు అని అది విభజించెను. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాజధానిలోనివే గనుక, తెలుగు పిల్లలకు ఈ రక్షణ దేశమున చాలమందికంటె ముందు లభించినదనవచ్చును. బెంగాలు 1922లోను, బొంబాయి 1924లోను అనుసరించినవి.

స్వాతంత్ర్యానంతరము కేంద్రపాలిత ప్రాంతములకై పార్లమెంటు 1960లో చేసిన బాలల చట్టము బాలురకు 16, బాలికలకు 18 ఏండ్లు హద్దుగా పెట్టి, వారికి మరణశిక్షను, కారాగారమును నిషేధించెను. పదునాలుగు దాటినవాడు మిక్కిలి తీవ్రమైన నేరము చేసినచో వేఱుగా భద్రపఱచుటకు మాత్రము ఒక కిటికీ తెఱచియుంచెను. 1986 నాటి జువెనైల్ జస్టిస్ చట్టము అవే వయస్సులను దేశమంతటికిని వర్తింపజేసెను. బాలల హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో భారతదేశము 1992లో చేరిన పిమ్మట, 2000 సంవత్సరపు చట్టము ఆడ మగ భేదము లేక 18 ఏండ్లని నిర్ణయించెను. వయస్సును నేరము జరిగిన నాటికి చూడవలెనా, న్యాయస్థానమునకు తెచ్చిన నాటికి చూడవలెనా యన్న వివాదమును సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2005లో తీర్చెను: నేరము జరిగిన నాడే. మాండవ్యుడు ధర్మునికి చెప్పినదియు అదియే కదా!

ఇట్లు గీత స్థిరపడినదనుకొనుచుండగా 2012 డిసెంబరు 16 రాత్రి వచ్చినది. ఢిల్లీలో కదలుచున్న బస్సులో ఒక విద్యార్థినిపై జరిగిన అత్యాచారమును, ఆమె మరణమును మఱల వర్ణింపనక్కఱలేదు. పట్టుబడిన ఆరుగురిలో ఒకనికి పదునెనిమిది నిండుటకు కొన్ని నెలలు కొఱవడెను. బాలల న్యాయమండలి 2013 ఆగస్టు 31న అతనికి చట్టమున నున్న గరిష్ఠ కాలము, అనగా మూడేండ్లు, ప్రత్యేక గృహవాసము విధించెను. కూతురిని పోగొట్టుకొన్న తల్లికి ఆ మూడేండ్లు న్యాయముగ కనబడవలెనని ఎవరు చెప్పగలరు? అంతకుముందే జస్టిస్ వర్మ కమిటీ వయస్సు తగ్గింపవలదని 2013 జనవరిలో నివేదించెను. సుప్రీంకోర్టు ఆ యేడు జూలైలో చట్టమును నిలబెట్టెను. పార్లమెంటు స్థాయీసంఘమును మార్పు కూడదనెను. కాని 2015 డిసెంబరు 20న అతడు విడుదల కాగా, రెండు దినములకు రాజ్యసభ కొత్త బిల్లును ఆమోదించెను. మృతురాలి తల్లిదండ్రులు ఆనాడు సందర్శకుల గ్యాలరీలో నుండిరి.

2016 జనవరి 15న అమలునకు వచ్చిన ఆ చట్టము గీతను చెఱుపలేదు; దాని ప్రక్క మఱల తక్కెడ నుంచెను. కనీసము ఏడేండ్ల శిక్ష గల ఘోరనేరమును 16 మొదలు 18 ఏండ్లలోపువాడు చేసెనన్న ఆరోపణ వచ్చినచో, అతనికి నేరము చేయు మానసిక శారీరక శక్తి కలదా, ఫలితము తెలియునా, ఏ పరిస్థితులలో చేసెను అని మండలి ముందుగ పరిశీలించును. పెద్దవానివలె విచారింపవలెనని తోచినచో బాలల న్యాయస్థానమునకు పంపును. మరణశిక్షయు, విడుదలకు వీలులేని యావజ్జీవ శిక్షయు అప్పుడును కూడవు. ఇరువదియొక్క యేండ్లు నిండువఱకు చెఱసాలకు పంపరాదు. ఇవి చిన్న రక్షణలు కావు. అయినను ఒక చిక్కు మిగిలినది. ఈ పరిశీలన విచారణ కాదు. ఇందు నేరము ఋజువు కాదు. చేసెనో లేదో తేలకముందే, తెలిసి చేసెనా యని అడుగవలసివచ్చును. నేను చేయలేదను బాలుడు ఏ పరిస్థితులలో చేసితివను ప్రశ్నకు ఏమి బదులు చెప్పును? ఒక మేజిస్ట్రేటు, ఇరువురు సంఘసేవకులు గల మండలి ఇంత సూక్ష్మమును ఎట్లు తేల్చునని సుప్రీంకోర్టునకే సందేహము కలిగి, మనశ్శాస్త్రమెఱిగినవారు మండలిలో లేనిచో నిపుణుల సాయము తీసికొనియే తీరవలెనని 2022లో చెప్పెను. 2024 జూలై 1న అమలైన భారతీయ న్యాయ సంహిత ఏడు, పన్నెండు ఏండ్ల పాత హద్దులను అట్లే యుంచినది.

తెలివిని ఎట్లు కొలువవలెనని ఇంత చర్చ జరుగుచుండగా, వయస్సునే అడుగక పోయినచో ఏమగునో తెలుపు వ్యవహారమొకటి పూనాలో జరిగినది. 1994 ఆగస్టు 26న ఒక ఇంట ఐదుగురు స్త్రీలను, ఇరువురు పిల్లలను చంపిరి. చనిపోయినవారిలో ఒకరు గర్భిణి. ముద్దాయిలలో రాజస్థానమునుండి వచ్చినవాడొకడు. అతనిని పెద్దవానిగనే విచారించి 1998లో మరణశిక్ష విధించిరి. 2000లో సుప్రీంకోర్టు ఖాయపఱచెను. నేరమునాటికి 1986 చట్టము అమలులోనే యున్నది. కొఱత చట్టమున లేదు.

మన దేశమున బడిలో వ్రాయించిన పుట్టినతేదీకిని, నిజముగ పుట్టిన తేదీకిని గల దూరము ప్రభుత్వోద్యోగులకు తెలియనిది కాదు. పదవీ విరమణ సమీపించినప్పుడు దాని విలువ మఱింత తెలియును. అట్టి తేదీయే ఒక్కొకప్పుడు ప్రాణమునకు హద్దగును. చట్టమున మొదటి ప్రమాణము బడి లేక మెట్రిక్యులేషన్ పత్రమే. అది లేనిచో పురపాలకసంఘము లేక పంచాయతి ఇచ్చిన జననపత్రము. అదియు లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆ ఖైదీ చదివిన బడి పుస్తకమున అతని పేరు కొంచెము వేఱుగనుండెను. 2018లో అతడు సుప్రీంకోర్టునకు మనవి చేసికొనగా, పూనా జిల్లా న్యాయాధిపతి విచారించి, ఆ పేరు గలవాడు ఇతడేయని నివేదించెను. అంత చిన్నవాడు అంతటి పని చేసెనన్నది కలవరపఱచునదే యైనను, ఆ కలవరము వయస్సు నిర్ణయమునకు అడ్డురాదని 2023 మార్చి 27న ముగ్గురు న్యాయమూర్తులు తీర్పు చెప్పి, తక్షణమే విడుదల చేయుమనిరి. అప్పటికి అతడు చెఱలో నుండినది ఇరువదియెనిమిది సంవత్సరములకు పైగా. బాలునిగా విచారించినచో చట్టము ప్రకారము ఉండదగినది మూడు. బడి పుస్తకము ప్రకారము నేరమునాటికి అతని వయస్సు 12 సంవత్సరముల 6 మాసములు.